పరుగు పందెపు పాదరక్షలు: ఎన్నిక, కొనుగోలు

క్రీడలన్నింటిలో పరుగు పేదవాని క్రీడ అని ఒక మాట ఉన్నది. బంతి అక్కరలేదు, బ్యాటు అక్కరలేదు, వల కట్టనక్కరలేదు. నేల ఉంటే చాలు, కాళ్ళు ఉంటే చాలు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కాని మన కళాశాల విద్యార్థి ఎవరైనా ప్రతి ఉదయం మైదానానికి వచ్చి నెల రోజులు పరుగెత్తినచో అతనికి ఎదురయ్యే మొదటి ఖర్చు పాదరక్షలదే. చాలమందికి అదే చివరి ఖర్చు కూడ. ఆ ఒక్క ఖర్చును తెలిసి చేయడం ఎట్లా అన్నదే ఈ వ్యాసానికి విషయం.

విద్యార్థులారా, ఇది పతకాలకు మాత్రమే సంబంధించిన సంగతి కాదు. 2022లో వెలువడిన తెలంగాణ పోలీసు కానిస్టేబుల్ నియామక ప్రకటనలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పూర్తి చేయవలెనని నియమం ఉన్నది. ఒక సెకను ఆలస్యంగా గీత దాటినవానికి తుది వ్రాతపరీక్షలో కూర్చునే అర్హత ఉండదు. మన విద్యార్థులలో ఇటువంటి ఉద్యోగాలకు తయారవుతున్నవారు ప్రతి తరగతిలోను ఉన్నారు. అట్టివాడు స్కాలర్‌షిప్పు సొమ్ములోనుండియో, తండ్రి ఇచ్చిన దానిలోనుండియో వెయ్యియో రెండువేలో తీసి ఒక జత కొంటాడు. అది సరిపడకపోతే రెండవ జత కొనే స్తోమత అతనికి ఉండదు. ఆ బొబ్బలతోనే, ఆ నొప్పితోనే పరుగెత్తుతాడు, లేదా మానుకుంటాడు.

పరులకు చెప్పే ముందు నా తప్పు ఒకటి చెప్పుకోవడం ధర్మం. కొన్ని సంవత్సరాల క్రితం క్రాస్ కంట్రీ జట్టుకు, మరికొందరు క్రీడాకారులకు బూట్లు కొనే భారం నాపై పడినది. మంజూరైన సొమ్ము కొద్దిది. ఒక వ్యాపారి డజను జతలు ఒకేసారి తీసుకొంటే ధర తగ్గిస్తానన్నాడు. మూడు కొటేషన్లలో అతి తక్కువది అతనిదే. ఏడవ నంబరు నాలుగు, ఎనిమిదవది నాలుగు, తొమ్మిదవది నాలుగు తెచ్చినాను. పాదాలు కొలువలేదు, అడిగి వ్రాసుకొన్నాను, అంతే. ఆరవ నంబరు కుర్రవాడు ఏడు తొడుక్కొని ముందు భాగంలో దూది కుక్కుకొన్నాడు. వెడల్పు పాదాల కుర్రవాడు ఎనిమిదింటిలో వ్రేళ్ళు ముడుచుకొన్నాడు. పది కిలోమీటర్ల పందెంలో మన ఆరుగురిలో ముగ్గురికి కాళ్ళు బొబ్బలెక్కినవి. ఒకడు ఆరవ కిలోమీటరు దాటిన తరువాత బూట్లు విప్పి చేతబట్టుకొని కంకరమీద పరుగెత్తి వచ్చినాడు. ఆ కొనుగోలుపై ఆడిటులో ఒక్క ఆక్షేపణ కూడ రాలేదు. నేటికిని నాకు ఆ కుర్రవాని పాదాలే కళ్ళముందు మెదలుతవి.

బూట్లు లేకుండా పరుగెత్తరాదా అని కొందరు అడుగుతారు. పరుగెత్తవచ్చును. ఇథియోపియా దేశస్థుడు అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్సులో మారథాన్ పందెమును పాదరక్షలు లేకుండా పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచినాడు. మన దేశానికి చెందిన శివనాథ్ సింగ్ పాదరక్షలు లేకుండా పరుగెత్తడంలో ప్రసిద్ధుడు. 1976 మాంట్రియల్ మారథాన్‌లో పదకొండవ స్థానం పొందినాడు. 1978లో జలంధర్‌లో అతడు నెలకొల్పిన 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. ఈ కథలు విని మన కుర్రవారు ఉత్సాహపడతారు. కాని బికిలా కథలో రెండవ సగం చెప్పేవారు తక్కువ. రోమ్‌లో అతడు బూట్లు తొడగకపోవడానికి కారణం, అక్కడ దొరికిన జత అతని పాదానికి సరిపడకపోవడం. నాలుగు సంవత్సరాల తరువాత 1964 టోక్యోలో అతడే బూట్లు తొడుక్కొని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచినాడు. రెండు పర్యాయములును ప్రపంచంలో అప్పటికి అదే అతి వేగమైన మారథాన్. దీనినిబట్టి పరుగు పందెగానికి శత్రువు బూటు కాదు, బూటు లేకపోవడము కాదు, సరిపడని బూటు. బాల్యమునుండి వట్టి కాళ్ళతో పెరిగిన పాదానికి, పదిహేనేళ్ళు చెప్పులలోను బూట్లలోను పెరిగిన పాదానికి భేదం ఉన్నది. గాజు పెంకులు, మేకులు ఉన్న మన రోడ్లపై ఆ ప్రయోగం చేయవద్దని మాత్రం చెబుతాను.

కావున మొదటి పని బజారుకు పోవడం కాదు, పాదమును కొలవడం. ఇందుకు ఒక తెల్ల కాగితం, ఒక పెన్సిలు, ఒక స్కేలు చాలు. సాయంత్రం పూట కొలవవలెను. పగలంతా నిలిచి నడిచిన తరువాత పాదం కొంత ఉబ్బుతుంది, పరుగులోను ఉబ్బుతుంది. కాగితమును గోడకు ఆనించి నేలపై పరచి, మడమ గోడకు తగిలేటట్లు నిలబడవలెను. కూర్చుండి కొలిచినచో పాదం పొట్టిగా కనబడుతుంది, ఏలననగా బరువు పడినపుడే పాదపు వంపు సాగుతుంది. అన్నిటికంటె పొడవైన వ్రేలి కొస వద్ద గీత గీయవలెను. అది బొటనవ్రేలే కానక్కరలేదు; కొందరికి రెండవ వ్రేలు పొడవుగా ఉంటుంది. తరువాత పాదంలో అతి వెడల్పైన చోట ఇరుప్రక్కల గుర్తులు పెట్టవలెను.

రెండవ పాదమును కూడ కొలవవలెను. తెలుగులో జోడు అంటే జత అని అర్థం, పాదరక్షలు అని కూడ అర్థం. ఉర్దూలో జోడా అన్నను జతయే. భాష రెంటిని ఒకటిగా కట్టినది గాని ప్రకృతి అట్లు కట్టలేదు. మనలో చాలమందికి రెండు పాదాలు సమానంగా ఉండవు. పెద్ద పాదానికి సరిపోయేదే కొనవలెను. చిన్న పాదమును లోపల మరొక పలుచని అట్టతోనో, లేసులు బిగించియో సర్దుకొనవచ్చును. ఇరుకైన బూటును సర్దే ఉపాయం మాత్రం లేదు.

ఇప్పుడు ఆ కొలతను నంబరుగా మార్చడం. మన దుకాణాలలో వాడుకలో ఉన్నది ఇంగ్లాండు పద్ధతి. ఆ దేశంలో పూర్వం మూడు బార్లీ గింజల పొడవును ఒక అంగుళంగా లెక్కించేవారు. ఒక గింజ పొడవే బూట్ల నంబరులో ఒక మెట్టు అయినది. అనగా ఒక నంబరుకు, తరువాతి నంబరుకు మధ్య భేదం అంగుళంలో మూడవ వంతు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. బూటు లోపలి పొడవును అంగుళాలలో మూడుతో హెచ్చించి ఇరువది అయిదు తీసివేస్తే పెద్దల నంబరు వస్తుంది. ఉదాహరణకు పాదం పొడవు 26 సెంటీమీటర్లు అనుకొందాం. వ్రేళ్ళ ముందు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండవలెను గనుక 27. అది 10.63 అంగుళాలు. మూడుతో హెచ్చిస్తే 31.9, ఇరువది అయిదు తీసివేస్తే 6.9. కావున ఏడవ నంబరు. అమెరికా పద్ధతిలో పురుషులకు ఇదే ఎనిమిది అవుతుంది. అందువలన పెట్టెమీద ఎనిమిది అని ఉన్నంత మాత్రాన అది మన ఎనిమిది అనుకొనరాదు. ఆ అంకె ప్రక్కన ఏ దేశపు పద్ధతియో చూడవలెను. సెంటీమీటర్ల సంఖ్య కూడ ముద్రించి ఉంటే దానిని ముందు చూడవలెను. ఈ లెక్క అంతా మనల్ని సరియైన పెట్టె వరకు మాత్రమే తీసుకొనిపోతుంది. ఒక్కొక్క కంపెనీ అచ్చు ఒక్కొక్క తీరుగా ఉంటుంది; తొడిగి చూడక తప్పదు.

దుకాణంలో సిగ్గుపడరాదు. మన పిల్లలకు ఇదే పెద్ద అడ్డంకి అని నేను చూచినాను. అద్దాల దుకాణంలో అమ్మేవాడు ఒక జత ముందు పెట్టి, ఇదే సరిపోతుంది తమ్మీ అంటే తల ఊపి డబ్బు చెల్లించి వస్తారు. పరుగులో తొడిగే మేజోళ్ళు వెంట తీసుకొనిపోయి, వాటితో రెండు బూట్లు తొడిగి, లేసులు పూర్తిగా కట్టుకొని నిలబడవలెను. పొడవైన వ్రేలికి ముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ ఉండవలెను. పందెమునకు మాత్రమే ప్రత్యేకించిన జతలో కొంచెం తక్కువైనను పరవాలేదు, కాని వ్రేళ్ళు కొసకు తగలరాదు. వ్రేళ్ళను లోపల కదిలించగలగవలెను. మడమ పైకి జారరాదు. తరువాత దుకాణం ముందున్న వరండాలోనో సందులోనో ఇరవై అడుగులు పరుగెత్తి చూడవలెను. అమ్మేవాడు ముఖం చిట్లిస్తే చిట్లించనీయండి. పది కిలోమీటర్లలో ఒక్కొక్క పాదం నాలుగువేల పర్యాయాలకు పైగా నేలకు తగులుతుంది. దుకాణంలో ఒక్కసారి గుచ్చుకొన్న కుట్టు అక్కడ నాలుగువేల సార్లు గుచ్చుకొంటుంది. వాడగా వాడగా అదే సాగుతుందిలే అన్న మాట తోలుబూట్ల కాలంనాటిది. నేటి పరుగు బూటు మొదటి రోజున సుఖంగా లేకపోతే ఏ రోజునను సుఖంగా ఉండదు.

పాదపు వంపు ఎత్తా, చదునా అని తడి పాదపు గుర్తు చూచి, దానినిబట్టి ఫలానా రకం బూటు వాడవలెనని చెప్పే పద్ధతి ఒకటి చాలకాలం ప్రచారంలో ఉన్నది. ఆ రకాలకు ధర కూడ ఎక్కువ. అమెరికా సైనిక శిక్షణలో ప్రవేశించిన వేలాదిమందిపై దీనిని పరీక్షించి 2009, 2010లలో ఫలితాలు ప్రకటించినారు. వంపునుబట్టి బూట్లు ఇచ్చినవారికిని, అందరికి ఒకే రకం ఇచ్చినవారికిని గాయాలలో చెప్పుకోదగిన భేదం కనబడలేదు. కనుక ఆ పేరుతో అడిగే అదనపు రూపాయలు మీ జేబులోనే ఉండనీయండి. పూర్వమే గాయాలున్నవారు, వైద్యుడు ప్రత్యేకంగా చెప్పినవారు వేరు.

చేతితో చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నవి. బూటును రెండు చేతుల మధ్య వంచి చూడండి. పాదం ఎక్కడ వంగుతుందో, అనగా వ్రేళ్ళ మొదళ్ళ వద్ద, బూటు అక్కడ వంగవలెను. నడుమ భాగంలో కాగితంవలె మడతపడేది నాసిరకం. మడమ వెనుక గోడను బొటనవ్రేలితో నొక్కితే వెంటనే అణగిపోరాదు. అడుగు ఫోమును ప్రక్కనుండి గోటితో నొక్కితే కొంచెం లోనికి పోయి తిరిగి రావలెను; రాయివలె ఉన్నదీ వద్దు, నొక్కినచోట గుంట నిలిచిపోయేదీ వద్దు. పలుచని ఫోము మీద గట్టి రబ్బరు ముఖ్యస్థానాలలో అతికించినది మేలు. లోపల చేయి పెట్టి కుట్లను తడిమి చూడండి. కాలిబాటలమీద పెద్ద కంపెనీల గుర్తులతో అతి చౌకగా అమ్మే వాటిలో చాల భాగం నకిలీలు. వాటి అడుగు బరువైన ప్లాస్టిక్ అయి ఉంటుంది. ఎత్తి చూస్తే చేతికే తెలుస్తుంది. నమ్మకం లేకపోతే ప్రక్కనున్న కిరాణా దుకాణంలోని తక్కెడలో పెట్టండి, నవ్వినవారిని నవ్వనీయండి.

బరువును గురించి అంతగా చెప్పడానికి కారణం ఉన్నది. ఒక్కొక్క బూటుకు 100 గ్రాముల బరువు పెరిగితే పరుగునకు కావలసిన శక్తి సుమారు నూటికి ఒక వంతు పెరుగుతుందని అనేక ప్రయోగాలలో తేలినది. 3000 మీటర్ల పరుగుపై 2016లో ప్రకటించిన ఒక ప్రయోగంలో కాలం నూటికి ముప్పాతిక వంతుకు కొంచెం పైగా పెరిగినది. దీనిని మన 1600 మీటర్లకు అన్వయిస్తే 7 నిమిషాల 15 సెకన్లలో మూడు సెకన్ల పైచిలుకు. 350 గ్రాముల బూటుకు బదులు 250 గ్రాముల బూటు తొడిగినవాడు, మిగిలినవన్నీ సమానమైతే, ఆ మూడు సెకన్లు ముందుంటాడు. మూడు సెకన్లు చిన్నవి కావు. కాని ఆరు నెలల క్రమశిక్షణతో కూడిన సాధన ముప్పది సెకన్లు ఇవ్వగలదు, ఒక బొబ్బ ఆ ముప్పదిని తిరిగి లాగుకొనగలదు. కావున ముందు పాదానికి సరిపడటం, తరువాతనే తేలిక.

ఇక నేటి విద్యార్థులు తరచుగా అడిగేది కార్బన్ పలక గల బూట్లను గురించి. 2017లో నైకీ కంపెనీ వేపర్‌ఫ్లై అను బూటును విడుదల చేసినది. మెత్తగా ఉండి నొక్కిన శక్తిలో అధిక భాగం తిరిగి ఇచ్చే ఫోము, దాని నడుమ వంగిన కార్బన్ పలక, ఇవి దాని విశేషాలు. కొలరాడో విశ్వవిద్యాలయంలో మేటి పరుగు పందెగాళ్ళపై పరీక్షించగా శక్తివ్యయం సగటున నూటికి నాలుగు వంతులు తగ్గినది. కెన్యా దేశపు ఎలియుద్ కిప్‌చోగే 2019 అక్టోబరు 12న వియన్నా నగరంలో మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తినది ఈ జాతి బూట్లతోనే. అది పోటీ నియమాల ప్రకారం జరిగినది కాదు గనుక రికార్డుగా లెక్కకు రాలేదు. ఇదంతా నిజమే. అయితే ఈ లాభం అతి వేగంగా పరుగెత్తేవారికి కనిపించినంతగా మెల్లగా పరుగెత్తేవారికి కనిపించదు. ఖరీదు ఇరవై వేల రూపాయలు, ఆపైన. ఫోము త్వరగా జీవం కోల్పోతుంది. పైగా వాటి అడుగు మందం నియమాలకు లోబడి ఉండవలెను. రోడ్డు పందెములకు 40 మిల్లీమీటర్లు హద్దు. ట్రాకు పందెములన్నింటికి 2024 నవంబరు 1 నుండి 20 మిల్లీమీటర్లే హద్దు. 2021లో వియన్నా మారథాన్‌లో మొదట గీత దాటిన పందెగాని బూట్ల అడుగు ఒక సెంటీమీటరు ఎక్కువ మందమని తేలి అతని గెలుపును రద్దు చేసినారు. అప్పు చేసి లావుపాటి రోడ్డు బూట్లు కొని ట్రాకు పోటీకి వెళ్ళిన విద్యార్థికి కూడ గీతవద్ద అదే జరుగవచ్చును.

నేలను గురించి. మనకు మూడు రకాల నేలలు ఎదురవుతవి: కళాశాలలోని మొరం మైదానం, తారు రోడ్డు, పెద్ద పోటీలలో సింథటిక్ ట్రాకు. మొదటి రెంటికి ఒకే జత సరిపోతుంది. తేలికగా ఉండి, అడుగున కొంచెం పట్టు ఉండి, మడమ మరీ ఎత్తుగా లేని సాధారణ పరుగు బూటు. ఒక్క జతకే సొమ్ము ఉన్నవాడు దానినే కొనవలెను, దానితోనే సాధన చేసి దానితోనే పందెంలో నిలబడవలెను. అందులో చిన్నతనం ఏమీ లేదు.

స్పైకు బూట్లు రెండవ కొనుగోలు, మొదటిది కాదు. వాటిలోను రెండు జాతులున్నవి. పొట్టి పరుగుల బూటుకు ముందు భాగం బిగుసుకొని ఉంటుంది, మడమ క్రింద దాదాపు ఏమీ ఉండదు. ఎందుకంటే ఆ పరుగులో మడమ నేలను తాకదు. దూరపు పరుగుల బూటు వంగుతుంది, మడమ క్రింద కొంత ఫోము ఉంటుంది. 5000 మీటర్ల పందెగాడు తెలియక మొదటి రకం కొని పిక్క పట్టేసి పడుకొన్న సంఘటనలు నేనెరుగుదును. మన దేశంలో తయారయ్యే స్పైకు బూట్లు విదేశీ వాటిలో అనేక వంతుల తక్కువ ధరకే లభిస్తవి, నేర్చుకొనేవారికి అవి చాలు. మేకులు విప్పి మార్చుకొనే వీలున్నదో లేదో, వాటిని బిగించే పానా పెట్టెలో ఉన్నదో లేదో చూడవలెను. సింథటిక్ ట్రాకుపై పరుగులలో మేకు పొడవు 9 మిల్లీమీటర్లు మించరాదు. ఉద్యోగ పరీక్షలలో స్పైకులు అనుమతిస్తారో లేదో ఆయా ప్రకటనలో చదువుకొని కాని కొనవద్దు.

ధరను కిలోమీటర్లతో లెక్కించడం నేర్చుకొనవలెను. మంచి సాధన బూటు సాధారణంగా 500 నుండి 800 కిలోమీటర్ల వరకు పనిచేస్తుంది. రెండువేల రూపాయల జత 600 కిలోమీటర్లు వచ్చిందనుకొంటే కిలోమీటరుకు మూడు రూపాయల ముప్పై మూడు పైసలు. ఎనిమిదివందల నకిలీ జత 150 కిలోమీటర్లలో నోరు తెరిస్తే కిలోమీటరుకు అయిదు రూపాయల పైన. ఇరవై వేల జత 400 కిలోమీటర్లు నిలిచినను కిలోమీటరుకు యాభై రూపాయలు. చౌక ఏదో, ప్రియం ఏదో ఈ లెక్కలో తారుమారవుతుంది.

తక్కువ ధరకు మంచి వస్తువు దొరికే మార్గం ఒకటున్నది. కంపెనీలు ఏటేటా అదే బూటుకు రంగు మార్చి, అంకె మార్చి క్రొత్తదిగా విడుదల చేస్తవి; అప్పుడు పాతదాని ధర పడిపోతుంది. రంగులకోసం పరుగెత్తము గదా. పెట్టెపై తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర ముద్రించి ఉంటవి. ఒకటి రెండు సంవత్సరాల పాతదైతే తీసుకొనవచ్చును. గోదాములో చాల ఏళ్ళు పడి ఉన్నదానిలో ఫోము గట్టిపడి, జిగురు ఎండిపోయి ఉంటుంది. జుమ్మేరాత్ బజారులోను, ఎర్రగడ్డ ఆదివారపు సంతలోను వాడిన జతలు చూచి ఆశపడేవారున్నారు. అడుగు ఒకవైపు అరిగిన బూటు మరొకరి నడకను మీ కాలికి నేర్పుతుంది. అటువంటిది ఊరకే ఇచ్చినను పరుగునకు పనికిరాదు. అరగని స్పైకు బూట్లు దొరికితే మాత్రం పరీక్షించి తీసుకొనవచ్చును.

కొన్న తరువాత పందెం రోజుననే మొదటిసారి తొడగరాదు. నలభై యాభై కిలోమీటర్లు సాధనలో పరుగెత్తి ఉండవలెను. నూలు మేజోళ్ళు చెమటకు తడిసి చర్మమును రాపిడి చేస్తవి. పలుచని నైలాను కలిసినవి మేలు. తడిసిన బూట్లలో పాత వార్తాపత్రికలు కుక్కి నీడలో ఆరబెట్టవలెను, ఎండలో కాదు, పొయ్యి దగ్గర అసలే కాదు. బజారుకు, బస్సుకు ఆ బూట్లతో పోరాదు. ఇవి తెలిసినవే గనుక ఇంతటితో వదలుతున్నాను.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం ఉన్నది. అతి తక్కువ కొటేషను అను నియమం సుద్దముక్కలకు, కుర్చీలకు సరిపోతుంది. అవి ఎవరి శరీరానికిని కొలిచి చేసినవి కావు. బూట్లకు అది సరిపోదు. జట్టులో ఎన్నికైన ప్రతి విద్యార్థికి ఇంత అని సొమ్ము నిర్ణయించి, అతడు తన పాదానికి సరిపడిన జత తానే ఎన్నుకొని రసీదు తెస్తే చెల్లించే ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాను. డజనుకు వచ్చే తగ్గింపు పోతుంది, నిజమే. కాని ఆ డజనులో తొడగని జతలు ఎన్ని ఆటల గది అటకపై పడి ఉన్నవో ఒక్కసారి చూడండి. స్పైకు బూట్ల విషయం వేరు. అవి ఏడాదిలో కొద్ది రోజులే వాడేవి గనుక ప్రతి నంబరులోను ఒకటి రెండు జతలు కొని, గ్రంథాలయంలో పుస్తకాలవలె సంతకం తీసుకొని ఇచ్చి పుచ్చుకొనవచ్చును. సాధన బూట్లు మాత్రం అట్లు పంచుకొనేవి కావు. వాటి ఫోము ఒక పాదపు ఆకారానికి అలవాటు పడుతుంది.

విద్యార్థినుల సంగతి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. ఇంతవరకు వారికి మగపిల్లల బూట్లలో చిన్న నంబర్లు ఇస్తూ వచ్చినాము. స్త్రీల పాదంలో ముందు భాగంతో పోల్చితే మడమ సన్నగా ఉంటుంది; మగవారి అచ్చుపై చేసిన బూటులో అది జారుతుంది, రాసుకొంటుంది. వారికి వేరుగా చేసిన బూట్లు బజారులో ఉన్నవి, ధర ఎక్కువ కాదు. దుకాణదారులు మూడు, నాలుగు నంబర్లు తక్కువగా తెప్పిస్తారు గనుక ముందుగా చెప్పి తెప్పించుకొనవలసి ఉంటుంది. 2022లో వంద మీటర్ల హర్డిల్సును 13 సెకన్లలోపు పూర్తిచేసిన మొదటి భారతీయ మహిళగా పేరుపొందిన జ్యోతి యర్రాజి విశాఖపట్నం ఆడపిల్ల. 2024 పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగులో కాంస్య పతకం పొందిన దీప్తి జీవాంజి వరంగల్ జిల్లా ఆడపిల్ల. మన తరగతులలో పరుగెత్తగల బాలికలున్నారు. మడమ జారే బూట్లతో వారిని గీతవద్ద నిలబెట్టవద్దు.

ఈ సంవత్సరం నుండి ఆటల గదిలో ఒక కొలతల పుస్తకం ప్రారంభించినాము. ప్రతి క్రీడాకారుని రెండు పాదాల పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో, తేదీతో సహా అందులో వ్రాయబడును. పదునెనిమిదేళ్ళలోపు వారి పాదాలు ఇంకను పెరుగవచ్చును గనుక ఆరు నెలలకు ఒకసారి మరల కొలుస్తాము. ప్రతి గురువారం సాయంత్రం అయిదు గంటలకు రావచ్చును. విద్యార్థినుల కొలతలు అధ్యాపకురాలు వేరుగా తీసుకొంటారు. పరుగులో తొడిగే మేజోళ్ళు, ఇప్పుడు వాడుతున్న పాత జత వెంట తేవలెను. పాత జత అడుగు ఎక్కడ అరిగినదో కూడ పుస్తకంలో వ్రాసుకొంటాము.